చాట లేని ఒడి

"చేతులు కదపకండమ్మా, బొమ్మ పాడైపోద్ది!" అన్నాడు విశాఖ బీచ్‌లో బొమ్మలు గీసే అతను.

భీమవ్వ చేతులు ఒళ్లో పెట్టుకుంది. బోధన్ నుంచి రైల్లో కూర్చొని కూర్చొని నడుము విరిగిపోతోంది. బీడీలు చుట్టే చాట లేకుండా ఆమె ఒడి ఖాళీగా ఉండటం ఇదే మొదలు. అలా తీరిగ్గా కూర్చున్న బొమ్మ ఒకటి ఇంట్లో ఉండాలని కూతురు సంజన పట్టు.

కడలి ముందు కూర్చున్నా ఆ చేతులకు కదలిక తగ్గలేదు.

"అవ్వా, మల్ల కదిలిస్తున్నవ్!" తల్లిని కసిరింది సంజన.

"నేనేం జెయ్య బిడ్డా? నేను కూసున్న గని, అవి కూసుంటలేవు."

బొమ్మ పూర్తయింది. భీమవ్వ వేళ్ల మధ్య మల్లెమాల!

"గీ పూలెక్కడివి?" అంది సంజన.

"వేళ్లు చూసి, అమ్మగారు మాల కడుతున్నట్టు అనిపించి పూలు గీశానండి."

భీమవ్వ భర్త ఆత్మారాం పకపకా నవ్వాడు. "పూలు గాదు తమ్మీ, బీడీలు! ఆకు లేకున్నా, తంబాకు లేకున్నా చుడుతనే ఉంటది. నిద్రల గూడ..." అంటూండగానే అతని నవ్వు ఆగిపోయింది.

బొమ్మలతను నొచ్చుకుని రబ్బరు తీశాడు. భీమవ్వ అతని చెయ్యి పట్టుకుంది.

"తుడువకు కొడుకా. గిన్నేండ్లకు నా చేతులు పూల వాసనొస్తున్నయి."