ఊదారంగు బొట్టు

దేవుళ్ళకు మతిమరుపు ఎక్కువా, ఓర్పు ఎక్కువా అన్న అనుమానం బైరప్పకు నాలుగేళ్ళుగా ఉంది. ఆ రోజు ధర్మపురి సంతలో మాత్రం అతని ఓర్పే అయిపోయింది.

"వద్దు బైరన్నా. మొక్కుబడి పొట్టేలును కొని నేను యాడ పోయేది?" అన్నాడు బేరగాడు మునియప్ప. అంతకుముందు వచ్చిన ఇద్దరూ అదే మాట అని తప్పుకున్నారు.

"మొక్కూ లేదు గిక్కూ లేదు! ఇంకోదాంతో కుమ్ములాడి నుదురు పగిలిందని మా ఇంటిది పొద్దున ఆస్పత్రి మందు పూసింది."

పొట్టేలు నుదుటి మీద రూపాయి బిళ్ళంత ఊదా మచ్చ. మునియప్ప వేలు తడిచేసి రుద్దాడు. వేలు ఊదా అయింది కానీ మచ్చ చెదరలేదు.

"మందు యాడన్నా ఇట్ల అంటుకుంటాదా? పసుపైతే వానకు పోతాదని రంగు పెట్టినావు. అమ్మవారి సొత్తును నా నెత్తిన కడతావా?"

బైరప్ప తల పట్టుకున్నాడు. ఇది అమ్మితేనే బండి చక్రానికి పట్టా. యుద్ధం వచ్చి ఇనుము దొరకడమే గగనమైపోయింది. కమ్మరి సాయంత్రం దాకానే ఆగుతానన్నాడు.

అంతలో కూరగాయల సంచితో ఆస్పత్రి కాంపౌండరు బాలసుబ్రమణ్యం కనిపించాడు. బైరప్ప పరుగున పోయి వెంటబెట్టుకొచ్చాడు.

"అయ్యా, మీరే చెప్పండి. ఇది మందా, రంగా?"

"రంగే."

మునియప్ప చప్పట్లు కొట్టాడు.

"అయ్యో సామీ! మందని చెప్పండి!"

"మందేనయ్యా. బట్టలకద్దే రంగుల జాతిదే ఇది. పుండు మీద పూస్తే చీము పట్టనీయదు. మీ ఇంటామె కాలిపుండుకు నేనిచ్చిందే." కాంపౌండరు వంగి బొచ్చు పాయలు తీసి చూశాడు. "అది సరే, గాయమేదీ? ఇక్కడ గీతైనా లేదే!"

బైరప్పా వంగి చూశాడు. లేదు. చుట్టూ చేరినవాళ్ళు అప్పటికే పొట్టేలుకు దండాలు పెడుతున్నారు. అతను తాడు పట్టుకుని ఇల్లు చేరాడు.

"అమ్ముడుపోలేదా?" అంది భార్య తిమ్మమ్మ.

"లేదు. నడువు, మారెమ్మ గుడికి."

నాలుగేళ్ళ కిందట ఆమె జ్వరంతో తెలివి లేకుండా పడి ఉంటే, బతికితే పొట్టేలునిస్తానని అమ్మవారికి మొక్కినవాడు బైరప్పే. గుడి ముందు తాడు విప్పి వదిలేశాడు. దేవుళ్ళకు మతిమరుపు లేదని తేలిపోయిందనుకుంటూ కళ్ళు మూసి దండం పెట్టాడు.

కళ్ళు తెరిచేసరికి పక్కన తిమ్మమ్మ కొంగులోంచి చేతులు తీసి మొక్కుతోంది. బొట్టు పెట్టే ఉంగరపు వేలు కణుపు దాకా ఊదాగా ఉంది.