ఆరో పేజీ అడుగున

పొద్దున్నే ఆరింటికి మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, ఆమె స్టవ్ మీద టీ గిన్నె పెట్టేసి తలుపు దగ్గరికి పరిగెత్తేది.

పెళ్లయి మూడు నెలలు. భర్తకు పేపరాఫీసులో రాత్రి డ్యూటీ. వార్తలను పేజీల్లో అమర్చే పని. అందుకే అతనికి ‘పేజీల మేస్త్రి’ అని పేరు పెట్టింది. నోరు మూతపడదని అతను ఆమెను ‘పిచ్చుక’ అనేవాడు.

సంతోషపడటానికి ఆమెకు పెద్ద కారణాలు అక్కర్లేదు. బాల్కనీలో బట్టల తీగకు కొన్న రంగురంగుల క్లిప్పులు. ఎంత తోమినా వదలని అతని వేళ్ల మీది సిరా. అన్నిటికన్నా, అతను చంకలో పెట్టుకుని తెచ్చే పేపరు.

"ఊళ్లో ఇంత వేడి పేపరు ఇంకెవరింటికీ రాదక్కా" అని కింది వాటా అక్క దగ్గర గొప్పలు పోయేది.

"చాల్లేవే. మీకొచ్చిందే మాకూ వస్తుంది. కాకపోతే ఓ గంట చల్లారి వస్తుంది" అనేది అక్క.

ఆ రోజు అతను ఆవలిస్తూ కుర్చీలో కూలబడ్డాడు. ఆమె టీ ఇచ్చి, కింద కూర్చుని పేపరు తిరగేస్తూ ఆరో పేజీ అడుగున ఆగిపోయింది.

"ఏమండీ, ఇది చూశారా? ‘తొలి ముద్దు... మలి మనిషికి మృత్యువు’ అట!"

"చూడకేం. రాత్రి ఆ పేజీ పెట్టింది నేనే. చదువు, చదువు."

చదివింది. ఎక్కడో దూరదేశంలో శాస్త్రవేత్తలు నలభై ఎలుకల మీద పరిశోధన చేశారట. తొలి ముద్దుతో నోట్లో చేరిన ఒక క్రిమి ఏడేళ్లపాటు అక్కడే కాపురం ఉంటుందట. మోసేవాళ్లకు ఏమీ కాదు. వాళ్లు ఇంకొకరిని ముద్దు పెట్టుకుంటే మాత్రం, అది తిన్నగా ఆ రెండో మనిషి గుండెలోకి దిగుతుంది. ఆవలింతలు, ఎడమచేతి తిమ్మిరి దానికి గుర్తులు. ఏడాదిలో గుండె ఆగిపోతుంది. మందు లేదు. మొదట్లోనే కనిపెట్టి ఆర్నెల్లు ఎడంగా ఉంటే క్రిమి చస్తుంది.

"ఎలుకలు ముద్దులు పెట్టుకుంటాయా అండీ?" అని నవ్వబోయింది.

"ఏమోలే. మనకేం భయం? నాకు నువ్వే మొదలు, నీకు నేనే మొదలు" అంటూ అతను ఎడమచెయ్యి విదిలించాడు. "ఇదేంటో రెండ్రోజుల్నుంచి ఒకటే తిమ్మిరి."

పెళ్లయిన కొత్తలో అతను మూడుసార్లు అడిగాడు, కాలేజీలో నీ వెంట ఎవరూ పడలేదా అని. మూడుసార్లూ ఆమె "ఈ మొహానికా!" అని నవ్వేసింది.

ఆమె బీఎస్సీ చదివింది. క్రిముల గురించి పరీక్ష రాసి మంచి మార్కులే తెచ్చుకుంది. ఆ చదువంతా ఆ పూట ఎటు పోయిందో. అతను పడుకునేలోపు పదకొండు ఆవలింతలు లెక్కపెట్టింది. నిద్రలో ఇంకో రెండు. రాత్రంతా మేలుకున్న మనిషి ఆవలించక ఏం చేస్తాడన్న ఆలోచనే తట్టలేదు. మంచం పక్కన కూర్చుని, అతని గుండె మీద చెవి ఆనించి, మధ్యాహ్నం దాకా వింటూనే ఉంది.

అతను లేవగానే బావురుమంది.

"మీకొకటి చెప్పాలి. తిట్టండి, కొట్టండి. ముందు మాత్రం డాక్టరు దగ్గరికి పదండి."

"ఏమైందే పిచ్చుకా?"

"ఫైనలియర్లో... ల్యాబులో నా పక్క బల్ల అబ్బాయి. ఒక్కసారే. కాలేజీ ఆఖరి రోజున. మళ్లీ అతని మొహం కూడా చూళ్లేదు, ఒట్టు."

"ఎన్నేళ్లయింది?"

"నాలుగు. ఇంకా మూడేళ్లు బతికుంటుందండీ అది! మీకు ఎక్కించేశాను!"

అతను గొంతు పెంచలేదు. చెయ్యి చాచాడు.

"ఆ పేజీ ఇలా ఇవ్వు. డాక్టరుకు చూపిస్తా."

నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత ఆమె అన్నకు ఫోన్ చేశాడు. "బావగారూ, రేపొచ్చి మీ చెల్లెల్ని తీసుకెళ్లండి."

మర్నాడు పొద్దున ఆమె పెట్టె సర్దుకుంది.

"ఆర్నెల్లే కదా, నాలుగు జతలు చాలవూ?"

"అన్నీ సర్దుకో."

"స్వెట్టర్ కూడానా? చలికాలానికి వచ్చేస్తాగా!"

"అన్నీ."

అతను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఏడుపు కనపడనివ్వకూడదనే ఆ తంటా, అనుకుంది ఆమె. అంతటి దిగుల్లోనూ మనసు పొంగిపోయింది. టీ పొడి రెండో డబ్బాలో ఉందనీ, ఎడమ పక్కకు తిరిగి పడుకోవద్దనీ ఆ వీపుకే చెప్పింది. చెయ్యి పట్టుకోబోయి, క్రిమి గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. తన మాట తను దాచుకుని ఉంటే ఈ మనిషి ఏడాదిలో పోయేవాడు. చెప్పేసింది కాబట్టి బతుకుతాడు. అది చాలు.

అన్న పెట్టెలు కారులో పెడుతున్నాడు. ఆమె కింది వాటా తలుపు తట్టింది.

"అక్కా, నిన్నటి పేపరుందా? వచ్చే నెల మీ చెల్లి పెళ్లి కదా. ఆరో పేజీ అడుగున ఒక వార్త ఉంది, తనకి తప్పకుండా చూపించు. నాకే ముందు తెలిసుంటే ఆయనకీ గండం పట్టేదే కాదు."

"ఏం వార్తే తల్లీ, నా కంట పడలేదే!" అంటూ అక్క బల్ల కింది కట్టలోంచి పేపరు లాగి ఆమె చేతికిచ్చింది.

అదే తేదీ, అదే ఆరో పేజీ, పైన అవే వార్తలు. అడుగున, ఎలుకలు ఉండాల్సిన చోట మాత్రం, ప్రెషర్ కుక్కర్ల ప్రకటన ఉంది.