పటాలం పేరు

ఆ మనిషి గదిలోకి అడుగు పెట్టగానే కంపు కొట్టింది.

చీము కంపు. ముందు వరసలో ఉన్న ప్లీడరు భార్య చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

అది ప్రార్థన మందిరం వెనక గది. వారం వారం అక్కడ మాస్టారు గ్రంథపాఠం చెబుతారు. పాఠం మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు, తలుపు తట్టకూడదు. చివర్లో అందరూ మాస్టారి తమ్ముడి కోసం ప్రార్థిస్తారు. పటాలం నుంచి మతి చెడి తిరిగొచ్చిన ఆ తమ్ముడు ఇల్లు విడిచి పోయి ఏడాదైంది. వెతకడానికి మాత్రం ఎవరూ వెళ్ళలేదు. మాటలు కోటలు దాటేవాళ్ళకి కాళ్ళు గడప దాటవు.

ఆ రోజు పాఠమంతా ఒక్క మాట మీదే: లెజియన్. సువార్తలో, సమాధుల మధ్య తిరిగే పిచ్చివాణ్ణి నీ పేరేమిటని ప్రభువు అడిగితే వాడు చెప్పిన మాట. మాస్టారు దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ విప్పారు. ఏరి పోగుచేయడం అనే అర్థంలోంచి పుట్టిందట. రోమన్ల పటాలం పేరట, అందులో వేలమంది సిపాయిలట.

"తన నేలను తొక్కిన పటాలం పేరే తన పేరనుకున్నాడంటే, వాడి లోపల ఎంత నరకమో చూడండి," అన్నారు మాస్టారు.

కొందరు కళ్ళొత్తుకున్నారు.

వెనక బల్ల మీద కూర్చున్న ఆ కంపు మనిషి లేచాడు.

"అయ్యా, ఒక్క మాట చెప్పాలండి."

"ప్రశ్నలు చివర్లో."

కూర్చున్నాడు. కాసేపటికి మళ్ళీ లేచాడు. ఈసారి మాస్టారు పుస్తకం మూసేశారు.

"ముందు బయటికి నడవయ్యా. ఇది మనుషులు కూర్చునే చోటు."

చెయ్యి తగలకుండా, గొడుగు కొసతో పొడుస్తూ అతన్ని గుమ్మం దాటించారు. అతను కూర్చున్న బల్లను ఫినాయిల్ పోసి కడిగారు. చెప్పుకోవడానికే రోత.

పాఠం సాగింది. తమ్ముడి కోసం ప్రార్థన ఆ పూట మరికాస్త పొడుగ్గా సాగింది.

తలుపు తీసేసరికి కాపలావాడు ఎదురుగా నిలబడి ఉన్నాడు. మాస్టారి తమ్ముడు ధర్మాసుపత్రిలో ఉన్నాడనీ, ఇవాళే తెలివొచ్చి అన్న పేరు చెప్పాడనీ, ఎక్కువసేపు ఉండేలా లేడనీ ఇందాకటి మనిషి చెప్పి పోయాడట.

"అప్పుడే చెప్పొద్దూ?"

"పాఠం మధ్యలో తలుపు తట్టొద్దన్నారు కదండీ."

మాస్టారు పరుగెత్తారు. వెళ్ళేసరికి మంచం మీద దుప్పటి ముఖం దాకా కప్పేసి ఉంది.

"నేను ఇతని అన్నని," అన్నారు.

నర్సు తెల్లబోయి చూసింది.

"మీరా? రోడ్డు మీంచి మోసుకొచ్చి, ఇన్నాళ్ళూ ఈయన పుండ్లు కడిగినాయన్నే మేమంతా అన్నగారనుకున్నామండీ."