వాక్యూమ్ సంచిలో కర్పూరం

మా వాక్యూమ్ ఊడుస్తూ ఇల్లంతా వాసన చూస్తుంది. జ్వరం వాసన తగిలితే ఆసుపత్రికి కబురు పెడుతుంది. వాళ్లొచ్చి పిల్లల్ని తీసుకుపోతారు. పొద్దున మా పాప మేఖల ఒళ్లు వెచ్చగా తగిలింది. ఆ వాసన దానికి తగలకూడదని వాక్యూమ్ దుమ్ముసంచిలో కర్పూరం, లవంగాలు దంచి పోశాను.

"ఏంటే, ఇల్లు గుడిలా ఘుమఘుమలాడుతోంది?" అన్నారు మా ఆయన.

"అరవకండి, అది వింటుంది."

అది మంచం చుట్టూ తిరిగి, "ఇల్లు పరిమళంగా ఉంది. అందరూ ఆరోగ్యమే," అంది.

"విన్నావుగా, ఇంక స్థిమితపడు!"

ఎలా పడను? దాని ముక్కు మూసింది నేనేగా! సాయంత్రానికి పిల్ల ఒళ్లు కాలిపోతుంటే ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాను.

నర్సు కంప్యూటర్ తెర చూసి నవ్వింది. "మీ ఇంట్లో జబ్బేమీ లేదని వాక్యూమ్ చెప్పిందండీ. ఊరికే కంగారుపడకండి."

"దాని మాట వదిలెయ్, తల్లీ," అంటూ ఆమె అరచేతిని పిల్ల నుదుటికి అదిమిపెట్టాను.