అప్ప గొంతు

ఎవరు ఏ భాషలో మాట్లాడినా చెవిలోని పూస తెలుగులో వినిపిస్తుంది. ఏ గొంతులో వినాలన్నది ఎవరిష్టం వాళ్లది. తవిటమ్మ, తాను అప్పా అని పిలుచుకున్న అక్క నీలవేణి గొంతు పెట్టుకుంది. అక్క పోయి పదకొండేళ్లయినా, పరాయి దేశాలవాళ్లందరూ తవిటమ్మతో ఆ గొంతుతోనే మాట్లాడుతున్నారు.

సముద్రంలో సరిహద్దు దాటి చిక్కుకుపోయిన జాలర్ల మీద ఆమె ఆరేళ్లు పరిశోధన చేసింది. అంతర్జాతీయ అధ్యయనాల్లో రెండు భాషల డాక్టరేటు అది. చివరి మౌఖిక పరీక్షలో నెగ్గినవాళ్లు, చదువు కోసం విశ్వవిద్యాలయం ఇచ్చిన పూస తిరిగి ఇచ్చేయాలి. తప్పిపోతే బాగుండునని రాత్రంతా అనుకుంది. తీరా పూస తీసి కూర్చున్నాక, తెలుగులోనూ బెంగాలీలోనూ తడుముకోకుండా జవాబులు చెప్పి నెగ్గింది.

గుమస్తా సూరపునాయుడు పళ్లెం చాపాడు. "పూస ఇందులో ఎట్టీయండమ్మా. రెండు భాషలొచ్చినోళ్లకి ఇంకా ఇదెందుకు?"

"ఒక్క నిమిషం బాబూ," అంటూ తవిటమ్మ పూస మళ్లీ చెవిలో పెట్టుకుంది. ఢాకా నుంచి వచ్చిన పరీక్షకురాలిని, ఇంకేదైనా అడగమని బెంగాలీలో బతిమాలింది.

అడగవలసినవన్నీ అయిపోయాయి. ఆవిడ బల్ల మీది టిఫిన్ పొట్లాల వైపు చూసి ఏదో అడిగింది.

"ఏటే, పొద్దున్నించి ఏటైనా తిన్నావా?" అంది నీలవేణి.

"తిన్నానప్పా," అని అబద్ధమాడి, తవిటమ్మ పూస తీసి పళ్లెంలో పెట్టింది.