ముడేసిన తీగలు

"మెకానికల్ రాయమన్నానా లేదా? ఇంకోసారి ఎలక్ట్రికల్ అన్నావంటే ఊరుకోను!"

కరెంటు మేస్త్రి కేకకి వంటింట్లో అతని భార్య చేతిలో గరిటె జారిపడింది. మనవడు మాత్రం కంప్యూటరు ముందునుంచి కదల్లేదు. ఇంజనీరింగులో ఏ బ్రాంచి కావాలో సాయంత్రం అయిదులోగా నొక్కాలి. అప్పటికే నాలుగున్నర దాటింది.

"సెలవులన్నీ నీ వెనకే తిరిగాను తాతయ్యా. మోటారు విప్పడం నేర్పింది నువ్వే. ఇప్పుడు నువ్వే వద్దంటే ఎలా?"

"నేర్పడం నా బుద్ధి తక్కువ. కరెంటుతో చెలగాటాలొద్దు. నలభై ఏళ్లయింది, బోర్డు మూత తీసేటప్పుడు ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది."

నిజమే, అంత జాగ్రత్త మనిషి ఆ చుట్టుపక్కల లేడు. ఇంకొకరు వేసిన వైరింగు చచ్చినా ముట్టడు. తను పనికి తీసుకెళ్లే ప్రతి తీగకీ కొసన దారం ముడి ఉండాల్సిందే. కరెంటుదానికి ఒకటి, న్యూట్రల్‌కి రెండు, ఎర్తుకి మూడు. ఆ ముడులు పొద్దున్నే భార్యే వేసివ్వాలి. ఆవిడ పుట్టింటికెళితే మేస్త్రికి పని బంద్. "పెళ్లాం కొంగు పట్టుకుని కరెంటు పని చేసేవాణ్ణి నిన్నే చూశామయ్యా!" అని వీధంతా ఆటపట్టించేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

"కారణం చెప్పు, మానేస్తాను," అన్నాడు మనవడు మొండిగా.

మేస్త్రి సంచీలోంచి ఇంకా ముడి వెయ్యని తీగముక్కలు రెండు తీసి బల్ల మీద పడేశాడు. "ఒకటి ఎర్రది, ఒకటి ఆకుపచ్చది. ఎర్రది తియ్యి."

"ఇదేం పరీక్ష!" అని మనవడు నవ్వబోయాడు. ఒకటి పట్టుకున్నాడు. వదిలేశాడు. రెండోది తీశాడు.

మేస్త్రి గుమ్మంలో నిలబడ్డ భార్య వైపు చూశాడు. ఆవిడ కళ్లొత్తుకుంటూ తల అడ్డంగా ఊపింది.

"అది ఆకుపచ్చది," అన్నాడు మేస్త్రి. "చిన్నప్పుడు నీ ఎర్ర బంతి గడ్డిలో పడితే, కాళ్ల దగ్గరే ఉన్నా ఊరంతా వెతికేవాడివి. నీకు ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపిస్తాయని మీ అమ్మమ్మ అప్పుడే కనిపెట్టింది. ఈ సెలవుల్లో నీ చేత పని చేయించింది ఆ ముడులురా, నీ కళ్లు కాదు."

మనవడి మొహం పాలిపోయింది. పాపం, ఎంత ఆశ పెట్టుకున్నాడో! అయిదుకి పది నిమిషాలుందనగా ఎలక్ట్రికల్ తీసేసి మెకానికల్ నొక్కాడు. ఏడుపు దిగమింగుదామనుకుంటే అది కోపమై బయటికొచ్చింది.

"నీకేం తాతయ్యా, ఎన్నైనా చెబుతావు! ఇష్టమైన పని హాయిగా జీవితాంతం చేసుకున్నావు. ఎదురుగా ఉన్నది తెలియకపోతే ఎలా ఉంటుందో నీకేం తెలుసు?"

మేస్త్రి లేచి, బల్ల మీది ముక్కలు రెండూ ఏరి, మనవడి ఎదుటే భార్యకి చూపించాడు.

"ఇందులో ఎర్రదేదో చెప్పవే."