దమ్ము లేని ఇంజను

"ఇంకొంచెం పెంచమ్మా, ఇంకొంచెం" అన్నాడు లక్ష్మీకాంత్.

సాజిదా యాక్సిలరేటర్ పెంచింది. బోటు ఉరికింది. కృష్ణా నది మధ్యకు రాగానే ఇంజను దగ్గి, ఆయాసపడి, నీరుగారిపోయింది. స్పీడు తగ్గిస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ నడిచింది.

లక్ష్మీకాంత్ ముఖం చిట్లించాడు. బోటు కొందామని గుంటూరు నుంచి వచ్చిన మనిషి. టూరిస్టులను తిప్పుతాడట. వాళ్లకు స్పీడు కావాలట.

సాజిదాకు తల కొట్టేసినట్టయింది. అసలు ఈ అమ్మకం మాటెత్తితేనే ఆమెకు ఒళ్లు మంట. భర్త మాబు పోయినప్పటి నుంచి, కూలి ఆడవాళ్లను ఈ బోటు మీదే అవతలి ఒడ్డు మిరప చేలకు దాటిస్తూ బతుకుతోంది. ఇన్నాళ్లూ పలకరించని బావగారు మాలిక్‌కు ఇప్పుడు ఉన్నట్టుండి పరువు గుర్తొచ్చింది. ఇంటి కోడలు బోటు నడపడమేమిటి, అమ్మేద్దాం అన్నాడు. బోటేమో మామ హుస్సేన్ సాహెబ్ పేరు మీద ఉంది. ముసలాయన తినేదేమో మాలిక్ ఇంట్లో. ఇంకేం, గంగిరెద్దులా తలూపాడు.

"బోటు అమ్ముకోండి బావగారూ, నన్ను మాత్రం ఇంట్లో కూర్చోబెట్టలేరు. తెడ్డేసుకునైనా దాటిస్తా" అని సాజిదా నలుగురిలోనే చెప్పేసింది.

కానీ అమ్మడం వేరు, ఇంజనుకు వంక పెట్టడం వేరు. తన చేతుల్లో నడిచిన ఇంజనును పనికిరానిదంటే ఆమె ఊరుకుంటుందా?

"నిన్న సాయంత్రం దాకా బ్రహ్మాండంగా నడిచిందండీ. మీ మెకానిక్కును చూడమనండి, ఎక్కడో చిన్న అడ్డం ఉండుంటుంది" అంది.

లక్ష్మీకాంత్ వెంట వచ్చిన మెకానిక్ నతానియేలు చొక్కా చేతులు మడిచాడు. ఫిల్టరు విప్పి కడిగాడు. పైపులో గాలి తీశాడు. నీళ్లలోకి వంగి, ఫ్యానుకు వల ముక్కలేమైనా చుట్టుకున్నాయేమోనని తడిమాడు. సాజిదా కూడా పక్కనే కూర్చుని స్పానర్లు అందించింది. మళ్లీ స్టార్ట్ చేశారు. కాసేపు బాగానే పోయింది. స్పీడు పెంచగానే మళ్లీ అదే దగ్గు, అదే ఆయాసం.

"ట్యాంకు కూడా చూడండి. అడుగున చెత్త ఉందేమో" అంది సాజిదా.

ట్యాంకు మీద హుస్సేన్ సాహెబ్ కూర్చుని ఉన్నాడు. శుక్రవారం కదా, ఉతికిన లుంగీ కట్టి, ఎప్పటిలా చెవిలో అత్తరు దూది పెట్టుకుని, కోడలి కంటే ముందే రేవుకు వచ్చేశాడు. డీజిల్ కూడా ఆయనే పోశాడు. కొడుకు మాట నెగ్గించడానికి ఎంత హుషారో అని సాజిదా అప్పుడే పళ్లు నూరుకుంది.

"పొద్దున నేనే కడిగి పోశాను. నువ్వు నోరు మూసుకుని కూర్చో" అని కసిరాడాయన.

నతానియేలు కాస్త లేవమని అడిగాడు. మోకాళ్లు పట్టేశాయి నాయనా, లేస్తే మళ్లీ కూర్చోలేనన్నాడు ముసలాయన. పెద్దమనిషిని లాగి పడేయలేరు కదా. ఇంకోసారి ప్రయత్నించి చూసి, పంపు పోయినట్టుంది, దాని మీద ఖర్చు దండగ అని తేల్చేశాడు మెకానిక్.

బోటు మెల్లగా ఒడ్డు చేరగానే లక్ష్మీకాంత్ చెప్పులు వేసుకుని కారెక్కాడు.

హుస్సేన్ సాహెబ్ అక్కడికక్కడే మాలిక్‌కు ఫోన్ చేశాడు.

"దమ్ము లేని ఇంజనురా. ఊరంతా తిప్పినా ఎవడూ కొనడు. ఆ పిల్ల మొహానే పారేద్దాం."

అవతలి నుంచి సరేనన్నట్టుంది, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. సాజిదాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపంతోనే.

"పారెయ్యండి మామయ్యా. చచ్చిన ఇంజనైనా సరే, నేను బతికిస్తా" అంది.

ఆయన పట్టేసిన మోకాళ్లతోనే గట్టెక్కి, చకచకా మసీదు దారి పట్టాడు.

సాయంత్రమైంది. అవతలి ఒడ్డున కూలీలు చేతులూపుతున్నారు. బయల్దేరే ముందు సాజిదా ఎవరి అడ్డూ లేని ట్యాంకు మూత విప్పింది. లోపల చెత్త లేదు. డీజిల్ తేటగా ఉంది. మూతను తిరగేసి చూసింది. డీజిల్ తగ్గేకొద్దీ లోపలికి గాలి వెళ్లడానికి దానికో చిన్న చిల్లు ఉంటుంది. అది మూసుకుపోతే మెల్లగా నడిచినంతసేపూ తెలియదు, స్పీడు పెంచితే మాత్రం డీజిల్ అందక ఇంజను ఆయాసపడుతుంది.

ఆ చిల్లులో కూరుకుపోయి ఉన్నదాన్ని తలపిన్నుతో బయటికి లాగితే, చిటికెడు దూది, మామ అత్తరు వాసనతో గుప్పుమంది.